నేను గీసిన కర్బన రాక్షసుడు

మీరు తయారుచేసినదాన్ని వాడేవాళ్ల ముందు పెట్టి, నోరు మూసుకుని కూర్చున్నారా ఎప్పుడైనా? నేను కూర్చోలేదు. ఆ పుణ్యానికి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీని ముంచినంత పని చేశాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

పదేళ్ల కిందటి మాట. పగలు సాఫ్ట్‌వేర్ తెరలు గీయడం నా ఉద్యోగం. సాయంత్రం శ్రీకాకుళంలో ఎక్కడ మైకు కనిపిస్తే అక్కడ మూఢనమ్మకాలను ఉతికి ఆరేయడం నా వ్యసనం. దిష్టి మీద నేను అందుకున్నానంటే బయట నిమ్మకాయల బండివాడు బండి తోసుకుని వెళ్లిపోయేవాడు.

ఫ్యాక్టరీ బాయిలర్ ఎంత బొగ్గు మింగుతోందో, గాలిలోకి ఎంత కర్బనం కక్కుతోందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ మాది. దాని పాత తెర నిండా అంకెలే. చూసినవాడికి జ్వరం వచ్చేది. ఆ తెర మార్చే పని నా నెత్తిన పడింది. పలాస ఫ్యాక్టరీ షావుకారుకు మాత్రం అది ప్రాణసంకటం. కర్బనం తగ్గకపోతే విదేశీ కొనుగోలుదారు నెలాఖరుకు సరుకు వద్దంటాడు.

"అంకెలెందుకు? మనిషి ముఖాన్ని ఇట్టే చదువుతాడు. ఇది శాస్త్రం!" అని గర్జించి రాక్షసుడి ముఖం గీశాను. కోరలు, మీసాలు, ఉరిమే గుడ్లు, చాచిన నాలుక. కర్బనం పెరిగితే ముఖం తెరంతా ఉబ్బుతుంది. తగ్గితే శనగగింజంత అయిపోతుంది.

"వాడేవాళ్లకి ఒకసారి చూపిద్దామా?" అంది నాతో పనిచేసే అమ్మాయి.

"ఇంత స్పష్టమైన దానికి సాక్ష్యం కూడానా?" అన్నాను. కనిపించిన ప్రతివాణ్ణీ సాక్ష్యం చూపమని పీడించేది నేనేనండీ!

వారం తిరక్కుండా షావుకారు ఫోను. "ఏటి బాబూ, ఏటి తెర ఇది? ఎట్టిన కాడ్నుంచి బొగ్గు ఇంతకింత కాలతన్నాది! కొనేవోళ్లొస్తే నానేటి సెప్పాల?"

పరుగెత్తుకెళ్లాను. బాయిలర్ గదిలో నా రాక్షసుడు తెర పట్టనంత లావుగా వెలిగిపోతున్నాడు. బాయిలర్ చూసుకునే అప్పన్న చెమటలు కక్కుతూ పారతో బొగ్గు ఎగదోస్తున్నాడు.

"అప్పన్న మావా, ఆపు! ఆ మొహం చూస్తే నీకు భయం వెయ్యట్లేదా?"

"భయమేటి బాబూ? దిష్టిబొమ్మ గదా! ఎంత పెద్దదుంటే అంత మంచిది."

"అది దిష్టిబొమ్మ కాదు!"

"కోరలున్నాయి, మీసాలున్నాయి, నాలిక బయటెట్టినాడు. ఇంకేటి కావాల? నిన్న బొగ్గు తగ్గిత్తే సిన్నబోయి ఇంతైపోనాడు. కొనేవోళ్లొచ్చే టయానికి ఫ్యాక్టరీకి దిష్టి తగిలితే ఎవుడిది పూచీ? అందికే ఇంకో రెండు పారలేసినాను. సూడు, ఎలా బలిసినాడో!"

"దిష్టి అనేదే లేదు మావా!"

అప్పన్న నన్ను జాలిగా చూశాడు. "లేదంతావు, మరి నువ్వే ఎందుకు గీసినావు?"

నా ఉపన్యాసాలన్నీ ఒక్కసారిగా ఆ బాయిలర్‌లోకే పోయాయి.

ఆ సాయంత్రమే రాక్షసుణ్ణి పీకేసి, అప్పన్నను పక్కన కూర్చోబెట్టుకుని బొగ్గుకుప్ప బొమ్మ గీశాను. "ఇదేంటి మావా?" అని అడిగి, పంటి బిగువున నోరు మూసుకున్నాను. "బొగ్గు. కుప్ప పెరిగితే షావుకారు తిడతాడు," అన్నాడు. చాలు! కుప్ప కరిగింది, కర్బనం దిగింది, సరుకు ఓడెక్కింది.

షావుకారు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఆ దిష్టిబొమ్మ పారేసినావేటి? మా కొత్త మేడకి కట్టాల. పెద్దగా ప్రింటు తీయించు బాబూ, కింద నీ పేరు కూడా ఏయించు!"

సకల హేతువాదుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: వాడేవాళ్లకు చూపించి అడగకుండా ఈ చేత్తో ఇక చుక్క కూడా పెట్టను.

నవ్వింది చాలు, లేవండి. మీరు చేసినదాన్ని ఈరోజే తీసుకెళ్లి వాడేవాళ్ల చేతిలో పెట్టండి. ఒక్క ముక్క కూడా వివరించకండి. వినండి!