హెడ్డు నట్లు బిగించిన పొద్దు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే పక్కసందులోని మెకానిక్ షెడ్డు నుంచి గ్రీజూ కిరసనాయిలూ కలిసిన వాసన వస్తుంది. ఇప్పటికీ అక్కడ ఆగకుండా గబగబా దాటేస్తాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే మా సరూర్‌నగర్ కాలనీ పిల్లలకు పండగే. బడి ఉండదు, బస్సుల్లేని విజయవాడ రోడ్డు మీద ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడేవాళ్ళం, బతుకమ్మ పేర్చడానికి ఎదురింటి నర్సింహ మామ వాళ్ళకు తంగేడు పూలు కోసుకొచ్చి, బదులుగా రొట్టె, బెల్లం కలిపి చేసిన నెయ్యి కారే మలీద ముద్దలు మింగేవాళ్ళం. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబమైనా, ఆ ముద్దల దగ్గర ఎవరికీ ఏ జిల్లా గుర్తుండేది కాదు.

నాన్నకు మాత్రం లోకమంతా తాతయ్య వదిలి వెళ్ళిన పాతకాలపు కారే. వేసవంతా ఇంజిన్ విప్పి, కడిగి, వరండాలో పాత చీరల మీద పరిచి, బతుకమ్మ నాటికి మళ్ళీ కూర్చాడు. ఇంజిన్ పైమూత, అదే హెడ్డు, పెట్టేశాడు. దాని నట్లు బిగించడమే మిగిలింది. ఆ రోజూ బందే, ఆ పొద్దునే మా దగ్గరుంటున్న అమ్మమ్మకు ఉబ్బసం ముంచుకొచ్చింది.

పిలిచిన అంబులెన్స్ ఎల్‌బీ నగర్ అవతల, ఆగిన లారీల వెనక ఇరుక్కుంది. ఆటో ఒక్కటీ లేదు. నర్సింహ మామ తన మోటార్ సైకిల్ మీద కూర్చోబెట్టబోతే అమ్మమ్మ పక్కకు ఒరిగిపోయింది. ఇక దిక్కు ఆ కారే.

నాన్న పానా అందుకున్నాడు. నడిమి నట్టు కొంచెం, దానికి ఎదురుగా ఉన్నది కొంచెం, అలా అంచులదాకా వెళ్ళి, మళ్ళీ నడిమి నుంచి ఇంకొంచెం. ఒక పక్కే ముందు బిగిస్తే మూత సరిగ్గా కూర్చోక, నీళ్ళు ఆయిల్లోకి దిగి, బండి నడిరోడ్డు మీద చస్తుందట. నాకవేం పట్టలేదు, లోపల అమ్మమ్మ ఛాతీ ఈల వేస్తోంది, బయట నట్లు కిర్రుమంటున్నాయి, ఆ పానా లాక్కుని విసిరేయాలనిపించింది.

"అన్నా, జర జల్ది చెయ్యి. పెద్దమ్మకు దమ్ము ఆడుతలేదు," అన్నాడు మామ.

"ఏమండీ, ఇక చాలు, పోదాం రండీ!" అమ్మ అరిచింది.

"ఇంకొక్క వరసే. దారిలో ఆగిపోతే ఏం చేస్తామే?" నాన్న తలెత్తలేదు.

కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. చౌరస్తాలో జెండాలు పట్టుకున్నవాళ్ళు అమ్మమ్మను చూసి గబగబా దారిచ్చారు. ఎక్కడా ఆగకుండా దవాఖానకు చేరాం. డాక్టరు నాడి చూసి, కాస్త ముందు తీసుకొస్తే దక్కేదేమో అన్నాడు.

ఇప్పుడా వరండా లేదు, అక్కడ కోచింగ్ పిల్లల హాస్టల్ లేచింది. నర్సింహ మామ వాళ్ళూ ఎటో వెళ్ళిపోయారు. కారు అమ్మేసేదాకా ఒక్క చుక్క కారలేదు, ఒక్కనాడూ దారిలో ఆగలేదు. నాన్న చేసింది సరైన పనేనని ఇప్పుడు నాకూ తెలుసు. ఆ మాట అమ్మతో అనే ధైర్యం మాత్రం మా ఇంట్లో ఎవరికీ లేదు.