ఢావ్లో లేకుండా గడప దాటిన జీవ్లి

మా సరళ మొదటి గెలుపు ‘మోదుగు గడప’ మొదటి భాగం. రెండుసార్లు తిరిగొచ్చి మూడోసారి నిలిచిన భాగం అది. ఫోనులో ధారావాహికలు చదివించే కంపెనీ వాళ్ళు, తండా పిల్ల కథానాయిక అయితే పట్నంలో ఎవరు చదువుతారు, కనీసం పేరన్నా మార్చమని చెప్పారు. సరళ పేరు మార్చలేదు. టేకులపల్లి నుంచి ఇల్లందు పోయే పొద్దుటి బస్సులో, ఒక చేత్తో పై కడ్డీ పట్టుకొని, ఇంకో చేతి బొటనవేలితో మొత్తం మళ్ళీ రాసింది. మూడోసారి వాళ్ళు కాదనలేకపోయారు. ఏడాది తిరక్కముందే ఆ కథ ప్రేమకథల వరుసలో అన్నిటికంటే పైన కూర్చుంది. మచిలీపట్నం నుంచి ఒకామె, దుబాయిలో డ్రైవరు పని చేసే ఒకాయన, ఇద్దరూ ఒకే రోజు “తర్వాత భాగం ఎప్పుడు?” అని అడిగారు. ఆ రెండు మాటలూ సరళ నాకు చదివి వినిపించింది. మా తండా పిల్ల కోసం దుబాయి ఎదురుచూడటం నేను కళ్ళారా చూశాను.

సరళ నా తమ్ముడి కూతురు. తమ్ముడు లాలు పోయాక ఆ పిల్ల చదువు మంచిచెడ్డలు నేనే చూశాను. మా తండాలో ఏడో తరగతి గట్టెక్కిన మొదటివాణ్ణి నేను. బొగ్గుబాయిలో కొలువు సంపాదించిన మొదటివాణ్ణీ నేనే. తండాకు బస్సు రావాలని అర్జీ రాసి, ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి తెప్పించినవాడు ఈ రూప్లానే. ఆ బస్సులోనే మా పిల్ల రచయిత్రి అయిందంటే అందులో నా వంతు కొంచెం ఉందని నేను అనుకుంటే తప్పేం లేదు. సరళ మూడో తరగతి నుంచి హాస్టల్లో చదివింది. పదిలో మండలానికే మొదటగా నిలిచింది. ఇప్పుడు ఇల్లందులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. పొద్దున సూదులు, సాయంత్రం కథలు.

కథ తెలియనివారికి రెండు మాటల్లో చెబుతాను. అడవిలో ఒక కొండకు రాతి గడప ఉంటుంది. మోదుగు పూసిన రోజుల్లోనే అది తెరుచుకుంటుంది. అవతల ఇంకో రాజ్యం, దానికి నీలాంబర్ అనే యువరాజు. వాడి కళ్ళు వెండి రంగు. ఇవతల జీవ్లి, మేకలు కాసే తండా పిల్ల. వీళ్ళిద్దరికీ ఇష్టం కలుగుతుంది. గడప దాటితే జీవ్లి తిరిగి రాగలదో లేదో ఎవరికీ తెలియదు. సరళకే తెలియదని మాకు తర్వాత అర్థమైంది.

మా తండా ఆడవాళ్ళు ఈ కథ చదవరు, వింటారు. సరళ అన్న రవికుమార్ భార్య జమ్లి పది చదివింది. ఎండాకాలం తునికాకు తెచ్చి, మా తమ్ముడి ఇంటి పందిరి కింద కట్టలు కడుతుంటే, జమ్లి ఫోను మోకాలి మీద పెట్టుకొని తెలుగులో చూసి మా లంబాడీ మాటలో చెప్పేది. యువరాజు వర్ణన వచ్చినప్పుడు దాటేసేది. ఎందుకు దాటేశావంటే, వాడి కళ్ళ గురించి మళ్ళీ అదే రాసిందత్తా, నిన్న విన్నదే అనేది. వాళ్ళలో వాడికి తెల్లకండ్లోడు అని పేరు పడిపోయింది. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గానీ, జీవ్లి ముందు ఏదైనా కొలువు చూసుకొని ఆ తర్వాత యువరాజు సంగతి ఆలోచించవలసిందని నేను సరళకు చెప్పాను. నవ్వి ఊరుకుంది.

మే నెలలో గడప దాటే భాగం వచ్చింది. జీవ్లి తెల్లవారుజామున లేచి, తల్లి నిద్ర చెడకుండా, మేకలను ఒకసారి తడిమి, కొండకు పోయి గడప దాటేస్తుంది. పట్నం పాఠకులు పండగ చేసుకున్నారు. ఎంత ధైర్యం, ఎంత ప్రేమ అని వేలమంది రాశారు. మా పందిరి కింద మాత్రం జమ్లి చదవడం ఆపేసరికి పండగేమీ లేదు. సరళ తల్లి సక్రి చేతిలోని కట్టకు నార బిగించి పక్కన పెట్టి, ఇది పోయినట్టు కాదు అంది. మిగతావాళ్ళు అవ్ అంటే అవ్ అన్నారు.

వాళ్ళ మాట తెలియాలంటే మా ఆచారం ఒకటి తెలియాలి. మాలో పిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు ఢావ్లో పాడుతుంది. ఒక్కొక్కరి మెడ పట్టుకొని, ఆ మనిషి తనను ఎలా పెంచిందీ తలచుకుంటూ, రాగం తీసి ఏడుస్తుంది. తల్లికి ఒకటి, అన్నకు ఒకటి, చివరకు ఇంటి పశువులకు కూడా. అది పాడితేనే పిల్ల పుట్టింటి నుంచి కదిలినట్టు. పాడకుండా పోయిన పిల్ల సంతకు పోయినట్టో, చెలిమెకు నీళ్ళకు పోయినట్టో లెక్క. అందుకని మా ఆడవాళ్ళు ఆ రోజు నుంచి జీవ్లి తిరిగొచ్చే భాగం కోసం చూడసాగారు. పట్నం వాళ్ళు పెళ్ళి భాగం కోసం చూడసాగారు. ఒకే కథను రెండు దిక్కులకు లాగుతున్నారని అప్పటికి మాకు తెలియదు.

జూన్ వచ్చేసరికి గొడవ ఫోనులోకి ఎక్కింది. వేరే తండాల పిల్లలు, ఇది మన పిల్ల కాదు, ఢావ్లో లేకుండా ఎలా పంపావు అని కథ కింద రాశారు. వాళ్ళకు జవాబుగా, ఆ పాత ఏడుపులు ఇంకా ఎందుకు, అమ్మాయి సంతోషంగా పోకూడదా అని వేరేవాళ్ళు రాశారు. వాళ్ళలోనూ తండా పేర్లు ఉన్నాయి. కొందరు సరళను మెచ్చుకుంటూ తిట్టారు, కొందరు తిడుతూ మెచ్చుకున్నారు. పిల్ల పొద్దస్తమానం అవే చదివేది. జూన్ చివరి నుంచి ఒక్క భాగమూ రాయలేదు. బస్టాండులో నిలబడి బస్సు పోనిచ్చేది. నేను పక్కన నిలబడితే, పెద్దబాపూ తర్వాతి దాంట్లో పోత అనేది. తర్వాతిదీ పోయేది.

జూలైలో కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఆగస్టు ఇరవై రెండో తారీఖు సాయంత్రానికి తర్వాతి భాగం రాకపోతే, ఒప్పందం ప్రకారం మిగతా కథ ఇంకొకరి చేత రాయిస్తామని మర్యాదగానే చెప్పారు. పాఠకులు ఎక్కువమంది పెళ్ళే కోరుతున్నారు కనుక రాసేవాళ్ళు పెళ్ళితోనే మొదలుపెడతారని కూడా చెప్పారు. మూడుసార్లు రాసి నిలబెట్టుకున్న జీవ్లి పరాయి చేతిలోకి పోతుందన్నమాట. ఆ రోజు నుంచి సరళ తిండి సగానికి పడిపోయింది. నాకు నిద్ర సరిగా లేదు.

ఆగస్టు మొదట్లో ఒక ఆదివారం సనోబర్ వచ్చింది. ఇల్లందులో బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి, సరళకు ఇంటర్ నుంచి స్నేహితురాలు. సరళ ఏది రాసినా ముందుగా చదివేది ఆమే. వాన పడి పత్తిచేలో పని ఆగిపోయి, ఆడవాళ్ళు పందిరి కింద మక్కకంకులు కాలుస్తున్నారు. నేను గడపలో కూర్చున్నాను. సరళ లోపల గోడకు ఆనుకొని ఉంది. సనోబర్ ఒక కంకి తీసుకొని నేరుగా సక్రి పక్కన కూర్చుంది.

“పెద్దమ్మా, జీవ్లికి ఆయనంటే పానం. ఆయనకు జీవ్లి అంటే పానం. ఇంకేం గావాలె మీకు?”

“పానం లేదని ఎవలన్నరు బిడ్డా? ఏడ్వకుండ పోయింది అంటున్నం.”

“సంతోషంగ పోయేటోళ్ళు ఎందుకేడుస్తరు?”

“సంతోషంగ పోయేటోళ్ళే ఎక్కువ ఏడ్వాలె. లేకుంటె అమ్మగారింట్ల ఏం సుఖం లేకుండె అనుకుంటరు.”

జమ్లి కంకి తిప్పుతూ, ఆ తెల్లకండ్లోడు ఒక్కనాడన్న మేకలకు మండ కొట్టి తెచ్చిండా అని అడిగింది. సనోబర్ వెనక్కి తగ్గలేదు. “మీ రవన్న ఎన్ని కొట్టి తెచ్చిండో చెప్పు వదినా, అప్పుడు నీలాంబర్‌ను అడుగుదం,” అంది. పందిరంతా నవ్వింది. రవికుమార్ మేక మొహం చూసి ఏడాదవుతుందని తండాలో అందరికీ తెలుసు. ఆ తర్వాత సనోబర్ కాస్త మెల్లగా, మా ఇంట్లో అక్క పెళ్ళప్పుడు రుఖ్సతీకి, అదే సాగనంపేటప్పుడు, అందరం ఏడ్చినం, అక్క మాత్రం ఏడ్వలే, ఆమె పోనట్టేనా మరి అని అడిగింది. సక్రి ఆలోచించి, మీ లెక్క మీది, మా పిల్లకు మా లెక్క అంది. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు. నాకు ఇద్దరి మాటా సరిగానే అనిపించింది. భయం వేసింది కూడా, ఎందుకంటే రెండూ సరైతే పిల్ల దేన్ని రాయాలి?

అప్పుడు లోపలి నుంచి సరళ బయటికొచ్చి తల్లి ముందు నిలబడింది.

“యాడీ, ఢావ్లో నాకు రాదు. రాక రాయలే. మేకల దాకా రాసిన, ఆడ ఆగిపోయిన. ఎట్ల పాడతరో తెల్వక తెల్లారక ముందే పంపించిన దాన్ని.”

హాస్టల్లో పెరిగిన పిల్ల. తండాలో పెళ్ళిళ్ళ రోజుల్లో అక్కడ పరీక్షలు. ఆమె చదువుకు నేను మురిసిన రోజులన్నీ ఆమె ఢావ్లో వినని రోజులే.

“నువ్వు నేర్పు,” అంది సరళ. సక్రి తల అడ్డంగా ఊపింది. మా తండాలో పెళ్ళి ఖాయమైన పిల్లకే, పెళ్ళికి ముందు రోజుల్లోనే అది నేర్పుతారు. పెళ్ళి మాట లేకుండా తల్లి నోట ఆ పాట వస్తే తల్లే బిడ్డను వాకిట్లోంచి పంపేసినట్టు. సక్రి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది గానీ పాట ఎత్తలేదు. చివరకు, కేలిని అడుగు, ఆమె నిన్ను కనలే గదా అంది. కేలి సక్రికి పినతల్లి. గుండాల అవతల, వాగు దాటాక అడవిలో ఉన్న తండాలో ఉంటుంది. ఎందరో పెళ్ళికూతుళ్ళకు నేర్పిన మనిషి. అక్కడ ఫోను పలకదు.

రెండు రోజులకు సరళ సెలవు పెట్టి బయలుదేరింది. వానలు ముదిరాయి, వద్దన్నాను. పాట నేర్చుకొని, కథలో వెనక్కి పోయి జీవ్లి చేత పాడించి, అప్పుడు గడప దాటించాలో వద్దో చూస్తానంది. పాడాక పోతుందేమో, పాడలేక ఉండిపోతుందేమో, పాడితే గానీ తనకు తెలియదంది. పట్నం వాళ్ళు ఏమంటారని అడిగితే, వాళ్ళు కూడా విననీ పెద్దబాపూ అంది. చాయ్ తాగి, సంచి భుజానికి వేసుకొని, ఎవరినీ పట్టుకోకుండా, ఏడవకుండా, ఇల్లందు బస్సెక్కింది.

ఆ మర్నాటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. గుండాల దారిలో బస్సులు ఆగిపోయాయి. నిన్న రవికుమార్ బండి మీద వాగు దాకా పోయి వచ్చాడు. నీళ్ళు రోడ్డు మీదుగా ఎర్రగా పోతున్నాయట. అవతలి గట్టు మీద ఒక మనిషి కనబడితే వీడు కేకేశాడట, ఆ హోరులో వాడికి వినపడలేదు. సరళ కేలి దగ్గరికి చేరిందో, చేరితే కేలి నేర్పడానికి ఒప్పుకుందో, ఏమీ తెలియదు. సనోబర్ కంపెనీకి ఫోను చేసి నాలుగు రోజులు గడువు అడిగితే కుదరదన్నారు. రచయిత్రి అడవిలో ఉంది, ఆగండి అని ఆమె కథ కింద రాసింది. ఆగుతామని సగంమంది, ఆగేది లేదని సగంమంది రాశారు. సరళ ఎవరో, ఎందుకు ఆగాలో నన్ను రాయమన్నదీ ఆమే. అందుకే ఇది రాస్తున్నాను.

సనోబర్ ఈ రోజు కూడా వచ్చి సక్రి దగ్గరే కూర్చుంది. ఇద్దరూ కథ మాట ఎత్తలేదు. మా ఆచారం ప్రకారం సక్రి నాతో నేరుగా మాట్లాడదు, కొంగు ముందుకు లాక్కుంటుంది. నేను పదోసారి రోడ్డు దాకా పోయి వచ్చేసరికి, జమ్లితో అంటున్నట్టుగా నాకు వినపడేలా అంది.

“ఏడ్వకుండ పోయిందే పిల్ల. పోయినట్టు కాదు. వస్తదని చెప్పు మీ మామకు.”

వాగు తగ్గాలి, బస్సు కదలాలి, కేలి నోరు విప్పి ఉండాలి. సరళ వస్తానన్నది గడువుకు ముందు రోజు, ఆగస్టు ఇరవై ఒకటి, గురువారం.