మిర్చి గోదాంలో సిల్టా చీలిన రోజు

మహబూబాబాద్ మార్కెట్ యార్డుకు ఎదురుగా ఉన్న మిర్చి గోదాంలో ఒక పక్క గది శ్రీవాణిది. ఆ గదిలో అడుగు పెడితే ముందు తుమ్ము వస్తుంది, తరువాత మెషీన్ల హోరు వినిపిస్తుంది. తండ్రి ఈశ్వరయ్య అడ్తిదారు. రైతుల మిర్చి అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. కూతురు అదే కప్పు కింద సిల్టా అనే క్రిప్టో కాయిన్‌కు మైనింగ్ చేస్తుంది. ఎవరు ఎవరికి సిల్టా పంపారో సరిచూసి, ఆ లెక్కలను ఒక కట్టగా కట్టి ముద్ర వేయడం మెషీన్ల పని. ముద్ర పడిన ప్రతిసారీ పనిచేసినవాళ్లకు కొత్త కాయిన్లలో వాటా వస్తుంది.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. డిగ్రీ మధ్యలో వదిలేసి మిక్సీలు, ఇన్వర్టర్లు విప్పి బిగించడం నేర్చుకుంది. జనగామలో ఒకాయన తీసేస్తున్న పాత మెషీన్లు కొని తెచ్చుకుంది. మొదటిది వదులుగా బిగించిన ఒక్క తీగ వల్ల కాలిపోయింది. అప్పటి నుంచి ప్రతి తీగనూ లాగి చూస్తే గానీ స్విచ్ వేయదు. మిర్చి దుమ్ము ఫ్యాన్లలో దూరకుండా పాత చున్నీలతో తెరలు కుట్టింది. చప్పుడు వింటే చాలు, ఏ ఫ్యాన్ అరిగిపోతోందో చెప్పేస్తుంది.

ఆ పూట సిల్టా రెండుగా చీలబోతోంది. కట్టలు పెద్దవి చేద్దామని ఒక వర్గం: ఎక్కువ లెక్కలు పడితే మైనింగ్ చేసే మైనర్లకు ఎక్కువ రుసుము. వద్దని ఇంకో వర్గం: పెద్ద కట్టలను చిన్నవాళ్ల కంప్యూటర్లు మోయలేవు, చివరికి పెద్ద కంపెనీలే మిగులుతాయి. నెలల తరబడి తిట్టుకుని, ఎవరి దారి వాళ్లదేనని విడిపోతున్నారు. మెషీన్ మాత్రం ఒకసారికి ఒక దారిలోనే పనిచేస్తుంది.

శ్రీవాణి దారి తప్పితే గది పోతుంది. ఈశ్వరయ్య ముందే చెప్పాడు: “ఈ నెల కరెంటు బిల్లు నీ డబ్బాలే కట్టుకుంటే గది నీదే బిడ్డా. లేకుంటే బస్తాలు పెడ్త. నాకు జాగ సాల్తలేదు.”

ఫోన్ మోగింది. భూపాలపల్లి నుంచి మేనత్త కొడుకు జగపతి. అక్కడ కేబుల్ ఇంటర్నెట్ నడుపుతూ, వెనక గదిలో అతనూ సిల్టా మెషీన్లే పెట్టాడు.

“వాణీ, మలిపినవా లేదా? నేనైతే అన్నీ కొత్త దిక్కే మలుపుతున్న! రేటు చూసినవా? పాతదానికి రెండింతలు!”

“చూసిన బావా. నొక్కాల్నా వద్దా సమజైతలేదు.”

“సమజ్ గాకుంటే మామతోని నొక్కియ్యి. జల్ది కానియ్యి, ఆలస్యమైతే మనకేం మిగలది.”

ఆమె వేలు మౌస్ మీదే ఉంది. తెర మీద కొత్త సిల్టా ధర ఎగిరెగిరి పడుతోంది. సరిగ్గా అప్పుడే యార్డులో కేకలు లేచాయి. జెండా పాట అయింది. అన్నిటికన్నా మంచి కుప్ప ముందు నిలబడి వ్యాపారులు పాడే పై ధర అది. ఆ ధర చెవిన పడగానే గార్ల నుంచి, పెద్దవంగర నుంచి ట్రాక్టర్లు బయలుదేరతాయి. తెల్లారి యార్డు నిండిపోతుంది, ధర దిగుతుంది. పాట ఎంత పలికినా, కాంటా పెట్టి బస్తా తూచాకే రైతు చేతికి డబ్బు. శ్రీవాణి పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అయినా తన దాకా వచ్చేసరికి ఇంతసేపూ పాటే వింటోంది!

గబగబా కాయిన్లు కొనే సైట్లన్నీ తిరగేసింది. కొత్త సిల్టా ధర అందరూ చూపిస్తున్నారు. దాన్ని తీసుకుంటానన్నవాడు ఒక్కడూ లేడు. పాత సిల్టాను మాత్రం ఎప్పటిలాగే కొంటున్నారు.

“బావా, కొత్తది ఎవలన్న కొంటున్నరా?”

“ఇంకా పుట్టనే లేదు గదనే!”

“పుట్టకముందే రేటెట్ల పలికింది? పాట పాడిండ్రు, కాంటా ఏది?”

“నీ కాంటా నీ దగ్గరే పెట్టుకో. అందరు ఇటే ఉరుకుతున్నరు.”

“ఉరకనీ. అందరు అటు పోతే ఇక్కడ వాటా పంచుకునేటోళ్లు తక్కువైతరు.”

“ఎవలు లేని దుకాణంల కూసొని ఎవలకు అమ్ముతవ్?” అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట ముల్లులా దిగింది, ఎందుకంటే అందులో నిజముంది. అయినా ఆమె మౌస్ మీద నుంచి చేయి తీసేసింది.

చీలిన వెంటనే పాత దారి చతికిలబడింది. మైనర్లు చాలామంది వెళ్లిపోయారు. పని మాత్రం అందరూ ఉన్నప్పటంత కష్టంగానే ఉంది. కొన్ని కట్టలు పూర్తయ్యాకే సిల్టా ఆ కష్టాన్ని మిగిలినవాళ్లకు తగ్గట్టు దానంతటదే తగ్గించుకుంటుంది. అప్పటిదాకా మిగిలినవాళ్లు ఓపిక పట్టాలి. వాళ్లూ వెళ్లిపోతే అంతా సున్నా. రోజులు గడుస్తున్నాయి. మీటరు తిరుగుతోంది, వాటా రాలడం లేదు.

“డబ్బాలు పైసలు తోల్తున్నయా, వట్టి గాలి తోల్తున్నయా?” ఈశ్వరయ్య గుమ్మంలోంచి అడిగాడు.

“జర ఆగు బాపూ!” ఆమె తల ఎత్తలేదు. ఒక్కో మెషీన్ విప్పి, బ్రష్‌తో దుమ్ము దులిపి, అరిగిన ఫ్యాన్లు మారుస్తోంది. పని సులువైన క్షణాన ఒక్కటి కూడా మొరాయించకూడదు.

ఆ క్షణం వచ్చింది. కష్టం ఒక్కసారిగా దిగింది. తెర మీద కట్ట వెనక కట్ట, ముద్ర వెనక ముద్ర! ఎన్నడూ చూడనంత వాటా పడుతుంటే శ్రీవాణి కుర్చీలో నుంచి లేచి చప్పట్లు కొట్టింది. ధర ఇంకా పెరుగుతుందేమో అని ఆగలేదు. బిల్లుకు సరిపోయినంత అప్పటికప్పుడే అమ్మి, ఫోన్‌లోనే కట్టేసింది.

అటు కొత్త సిల్టాకు అమ్మకాలు తెరిచారు. తెరవగానే అందరూ అమ్మడానికే ఎగబడ్డారు. ధర కుప్పకూలింది. జగపతి ఫోన్ చేశాడు.

“వాణీ... పాత దిక్కు ఎట్లున్నది?”

వచ్చేవాళ్లు పెరిగితే తన వాటా తగ్గుతుంది. రాకపోతే ఈ దారి మళ్లీ కుంటుతుంది. పైగా అడుగుతున్నది బావ.

“మస్తున్నది. మలుపు బావా, జల్ది మలుపు!”

“గిది ముందే గట్టిగ చెప్పొద్దా?”

“చెప్తే విన్నవా? తీగలన్నీ ఒకసారి లాగి చూసి ఆన్ చెయ్యి.”

ఫోన్ పెట్టి, బిల్లు కట్టిన మెసేజ్ తండ్రికి చూపించింది. ఈశ్వరయ్య కళ్లజోడు సవరించుకుని చదివాడు. బయటికి వెళ్లి, లారీ నుంచి మిర్చి దింపుతున్న హమాలీని కేకేశాడు.

“కాటమయ్యా, ఆ బస్తాలు గటు దింపు. ఈ గది ఖాళీ లేదు.”