నల్లాల దుకాణం వాళ్ల సముద్రయానం

మా ఆయనకు అఫ్జల్‌గంజ్‌లో నల్లాలు, పైపులు అమ్మే దుకాణం ఉంది. రెండేళ్ల కిందట ఒక పైపుల కంపెనీ, తన సరుకు బాగా అమ్మిన దుకాణదారులను ఇంటివాళ్లతో సహా ఓడ ఎక్కిస్తానని చెప్పింది. ముంబైలో ఎక్కాలి, నాలుగు రోజులు సముద్రం మీద తిరగాలి, మళ్లీ ముంబైలోనే దిగాలి. ఎక్కడికీ చేరని ప్రయాణానికి కూడా టికెట్ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ ఏడాది జల్‌పల్లి వైపు కొత్త కాలనీలు లేస్తున్నాయి. చిన్న చిన్న ప్లాట్లు, ప్రతి ప్లాటులో ఒక ఇల్లు, ప్రతి ఇంట్లో రెండు స్నానాల గదులు. ఆ స్నానాల గదుల పుణ్యమా అని మా పేరు జాబితాలోకెక్కింది.

కంపెనీ ఇచ్చిన టికెట్లు ఇద్దరికి. మా పాపకు అప్పటికి రెండేళ్ల రెండు నెలలు. నేను విద్యుత్ శాఖలో గుమాస్తాను. పాప పుట్టాక ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఒక్క గంట ఊరికే కూర్చున్న గుర్తు నాకు లేదు. అందుకని ఓడ అనగానే నా కళ్లకు ఒక కుర్చీ కనబడింది. కుర్చీ ముందు సముద్రం, కుర్చీలో నేను. పాప అందులో లేదు. నాలుగు రోజులు పాపను అత్తమ్మ దగ్గర వదిలి వెళ్దామని మా ఆయన చేత చెప్పించాను.

అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతూ వింది.

"ఇడిసిపెట్టి పోండ్రి, నాకేం బరువు? గాని తల్లి కోసం ఏడ్సి పిల్ల జరం తెచ్చుకుంటే, సముద్రం నడుమ ఉన్నోళ్లకు ఎట్ల చెప్పాలె?"

మా ఆయన వెంటనే మాట మార్చాడు. సరే, పాపను తీసుకుపోతామన్నాడు.

"తీస్కపోండ్రి. మరి అది నా చేతి ముద్ద తప్ప తినదాయె. నాలుగు రోజులు ఉపాసం ఉంచుతరా?"

మర్నాడే అత్తమ్మకు టికెట్ కొన్నాం. రానంటుంటే పిల్లలే బతిమిలాడి తీసుకుపోతున్నారని ఆమె లాల్‌దర్వాజాలో మా సందంతా చెప్పుకుంది. వాదించడానికి వీల్లేకుండా అది నిజమే.

ఎవరికి కావలసినవి వాళ్లు సర్దుకున్నాం. అత్తమ్మ ఒక చిన్న కరెంటు కుక్కరు, బియ్యం, కందిపప్పు, నెయ్యి డబ్బా, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుంది. నేను మదీనా బజారులో పాపకు బాతుబొమ్మలున్న ఈత బట్టలు కొన్నాను. మా ఆయన నల్ల కళ్లద్దాలు కొనుక్కుని, దుకాణంలో రెండు రోజులు పెట్టుకుని అలవాటు చేసుకున్నాడు.

ముంబై రేవులో మా సంచుల్ని యంత్రంలోంచి పంపినప్పుడు కుక్కరు దగ్గర బెల్టు ఆగింది. కాపలా అతను దాన్ని బయటికి తీసి, ఇవి లోపలికి తీసుకుపోకూడదని హిందీలో చెప్పాడు. అత్తమ్మ పాతబస్తీ ఉర్దూలో అందుకుంది.

"ఇస్మే చావల్ పక్తే బేటా, బాంబ్ నై."

అన్నం వండేదే, బాంబు కాదన్న మాటకు అతను నవ్వాడు గానీ వదల్లేదు. కుక్కరు, బియ్యం, పప్పు, నెయ్యి అన్నీ పక్కన పెట్టించి, దిగేటప్పుడు తీసుకోమని రశీదు ఇచ్చాడు. మగ్గును మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. అత్తమ్మ రశీదును నడుముకు దోపుకుని, మగ్గు చేత్తో పట్టుకుని ఓడ ఎక్కింది.

మాకిచ్చిన గదికి కిటికీ లేదు. కిటికీ ఉన్న గదులు ఇంకా ఎక్కువ పైపులు అమ్మినవాళ్లకట. బదులుగా గోడకు టీవీ ఉంది. అందులో ఒక చానల్ పగలూ రాత్రీ ఓడ ముందున్న సముద్రాన్నే చూపిస్తుంది. మా ఆయన మంచం మీద వాలి, "మంచిగనే ఉన్నది గద, ఏసీల కూసోని సూడొచ్చు" అన్నాడు. పాప ఆ టీవీ ముందు నిలబడి చాలాసేపు చూసింది. సాయంత్రం దాన్ని ఎత్తుకుని పై అంతస్తుకు వెళ్లాను. తలుపు తెరుచుకుంది. ఎటు చూసినా నీళ్లు. గాలికి నా కొంగు మొహానికి చుట్టుకుంది. పాప ఒక్క క్షణం చూసి, నా మెడ గట్టిగా పట్టుకుని, "బంద్ చెయ్ అమ్మా" అంది. నా చేతిలో రిమోట్ లేదని దానికి ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఏడుపు ఆగక కిందికి తీసుకొచ్చేశాను. ఆ రోజుకు నా సముద్రం అంతే.

ఓడ రేవు దాటిందో లేదో మా ఆయనకు కడుపులో తిప్పడం మొదలైంది. ఓడ డాక్టరు మాత్ర ఇచ్చి, కళ్లు మూసుకుని పడుకోమన్నాడు. వెలుతురు కళ్లకు సరిపడటం లేదని ఆయన ఆ కిటికీ లేని గదిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పడుకున్నాడు. అత్తమ్మ నుదురు తడిమి చూసింది.

"షేర్ ఆటోల పోతే గింతకంటె ఎక్కువ ఊగుతది. దీనికే గిట్లయితే ఎట్ల బిడ్డా?"

మర్నాడు పొద్దున పాపకు బాతుల బట్టలు తొడిగి ఈతకొలను దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడున్న అమ్మాయి చాలా మర్యాదగా, డైపర్ వేసుకునే పిల్లలను నీళ్లలోకి దించకూడదని చెప్పింది. డైపర్ తీసేస్తానన్నాను. అప్పుడు అసలే కూడదంది. ఆమె చెప్పింది నిజమే కాబట్టి కోపం కూడా రాలేదు. గదికి తిరిగొచ్చేసరికి పాప ఏడుపు వరండా అంతా వినిపించింది. అత్తమ్మ దాన్ని నా దగ్గర నుంచి తీసుకుని, ముఖం కడుక్కునే తొట్టిలో కూర్చోబెట్టి, నల్లా విప్పి, మగ్గు చేతికిచ్చింది. పాప గంటసేపు తల మీద నీళ్లు పోసుకుంటూ నవ్వింది. అత్తమ్మ మాత్రం నల్లాను వేలితో కొట్టి చూసి, "పైన మెరుగే, లోపట ఇత్తడి తక్కువ" అని తీర్పు చెప్పింది.

తిండి దగ్గర అసలు సంగతి బయటపడింది. భోజనాల గది మా సందంత పొడుగు. ఎన్ని రకాలో లెక్క పెట్టలేకపోయాను. పాప అప్పడం ముక్క తప్ప దేన్నీ నోట్లో పెట్టలేదు. పప్పు ఉంది, అన్నం ఉంది. కానీ ఆ పప్పు రంగు మా ఇంటి పప్పు రంగు కాదు. రెండు పూటలు అప్పడాలతోనే గడిచాయి. నేను చెంచా పట్టుకుని దాని వెనక పరుగెత్తాను. అది లిఫ్టు వైపు పరుగెత్తింది. ఓడ మొత్తంలో దానికి నచ్చింది లిఫ్టు ఒక్కటే. తలుపులు తెరుచుకున్నప్పుడల్లా లోపలున్న వాళ్లకు నమస్తే పెట్టేది. పదకొండు అంతస్తులు, దానితో నేను ఎన్నిసార్లు ఎక్కి దిగానో! ఆఫీసులో చూపించడానికి తీసిన ఫొటోల్లో సగం లిఫ్టు అద్దంలోవే.

రెండో రోజు మధ్యాహ్నం అత్తమ్మ పాపను చంకనెత్తుకుని నేరుగా వంటగది తలుపు దగ్గరికి నడిచింది. లోపలి నుంచి ఎత్తు టోపీ పెట్టుకున్న పెద్దాయన, వంటవాళ్లకు పెద్ద కాబోలు, బయటికి వచ్చాడు. అత్తమ్మ అతనికి అన్నం ఎంత మెత్తగా ఉడకాలో, పప్పులో ఏం వేయకూడదో చేతులతో చూపిస్తూ చెప్పింది. కాసేపటికి గిన్నె వచ్చింది. అక్కడే గోడ పక్కన బల్ల దగ్గర కూర్చుని, వేళ్లతో బాగా పిసికి, ముద్దలు చేసి పెట్టింది. పాప గిన్నె ఖాళీ చేసింది. టోపీ పెద్దాయన దూరం నుంచి చూస్తూ నిలబడి, తర్వాత దగ్గరికొచ్చి ఇందులో ఏం కలిపారని అడిగాడు.

"కుచ్ నై బేటా. చెయ్యి కలిపిన" అంది అత్తమ్మ, సగం ఉర్దూ సగం తెలుగు.

అప్పటి నుంచి పూటపూటకూ అడగకుండానే గిన్నె వచ్చేది.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి కంపెనీ వాళ్ల సభ. మన వైపు దుకాణదారులంతా ఓడలోని నాటకశాలలో కూర్చోవాలి, పేరు పిలిస్తే వేదిక ఎక్కి బహుమతి అందుకోవాలి. మా ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు, రెండు గుండీలు పెట్టుకున్నాడు, మళ్లీ పడుకున్నాడు.

"నువ్వు పోరాదు" అన్నాడు నాతో.

నాకు అంతమంది ముందు నడవాలంటేనే చెమటలు. అత్తమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుంటోంది.

"నేను పోత. దుకాణం పేరు పిలుస్తే దుకాణపోళ్లే పోవాలె గద."

మా మామగారు పోయేనాటికి మా ఆయన ఎనిమిదో తరగతి. అప్పటి నుంచి కొడుకు చేతికందే దాకా పదకొండేళ్లు ఆమే దుకాణం నడిపింది. ఈ సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. అయితే తెలిసిన పద్ధతి వేరు. ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడు మా ఆయన "మా అమ్మ పదకొండేండ్లు దుకాణం నడిపింది, ఎరుకేనా" అనేవాడు. దాంతో గొడవ ఆగిపోయేది. గొడవ ఆపే మాటగానే నేను దాన్ని విన్నాను తప్ప, ఆ పదకొండేళ్లలో ఏం జరిగిందని ఎన్నడూ అడగలేదు.

అత్తమ్మ, నేను, పాప సభలో కూర్చున్న కాసేపటికి మా దుకాణం పేరు పిలిచారు. అత్తమ్మ పాపను చంకనెత్తుకునే వేదిక ఎక్కింది. కోటు తొడుక్కున్న పెద్ద అధికారి బహుమతి అందించాడు. ఆమెకు చేతులు ఖాళీ లేవు. ఏమాత్రం ఆలోచించకుండా పాపను ఆయన చేతికిచ్చి, బహుమతిని ఆయన పక్కనున్న మనిషికిచ్చి, మైకు అందుకుంది. పెద్ద అధికారి ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో తన టైను పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకంటే టై రెండో కొస పాప నోట్లో ఉంది.

"అందరికి నమస్తే" అంది అత్తమ్మ. "మా ఇంటాయన పోయినంక ఈ దుకాణం పదకొండేండ్లు నేను నడిపిన. అప్పుడు కంపెనీల మనుషులు వచ్చి, గల్ల పెట్టె కాడ నన్ను జూసి, సేఠ్ లేడా అని అడిగి పోయెటోళ్లు. ఇయ్యాల మీరు స్టేజి మీదికి పిల్చిన్రు, మస్తు సంతోషం. ఒక్క మాట చెప్త. మీ అర ఇంచు ఎల్బోలు పగుల్తున్నయి. కొన్నోళ్లొచ్చి మాతోని లొల్లి పెట్టుకుంటున్రు. అది జర సూడుండ్రి."

ఎల్బో అంటే పైపు మూల తిరిగే చోట వేసే చిన్న ముక్క. నేను కుర్చీలో వీలైనంత కిందికి జారాను. అప్పుడు వెనక వరుసలో ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకొకరు. ఆపైన సభంతా కొట్టింది. అందరి దుకాణాల్లోనూ అవే ఎల్బోలు పగులుతున్నాయట. కంపెనీ ఓడ మీద, కంపెనీ అన్నం తింటూ, ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదంతే. పెద్ద అధికారి నవ్వు ముఖంతోనే పాపను తిరిగిచ్చాడు. టై తడిసి ముడుచుకుపోయింది.

సంగతి మా కంటే ముందే గదికి చేరింది. మా ఆయన కళ్లద్దాలు తీసి లేచి కూర్చున్నాడు. మూడు రోజుల్లో అవి తీయడం అదే మొదటిసారి.

"ఎల్బోల సంగతి స్టేజి మీద చెప్తరా అమ్మా? రేపు సరుకు ఇయ్యకుంటే?"

"ఇయ్యకుంటే ఇంకో కంపెనీది అమ్ముదువు. పండుకో."

పొద్దు గుంకేముందు అత్తమ్మ, నేను పాపను మధ్యలో నడిపించుకుంటూ పై అంతస్తుకు వెళ్లాం. ఈసారి పాప ఏడవలేదు, కానీ సముద్రం వైపు వీపు పెట్టి నిలబడింది. అత్తమ్మ కమ్మీ పట్టుకుని చాలాసేపు నీళ్లనే చూసింది.

"ఇన్ని నీళ్లున్నయి. మనింట్ల నల్లా దినం ఇడిసి దినం వస్తది."

నేను నవ్వాను. తర్వాత, అడుగుదామా వద్దా అనుకుంటూనే అడిగాను. "అప్పుడు గల్ల మీద కూసున్న కొత్తల మీకు భయం కాలేదా అత్తమ్మా?"

"కాకుంట ఉంటదా? ఇందాక గూడ అయింది. గందుకే పిల్లను ఎత్తుకపోయిన. మీ ఆయన చిన్నగున్నప్పుడు వాణ్ని ఒళ్లె కూసోపెట్టుకునేదాన్ని. పిల్లగాడు దగ్గరుంటే కాళ్లు వణుకవు."

ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దుకాణం నడపడం నేను ఊహించలేకపోయాను. బహుశా పక్కన కూర్చోబెట్టుకుని ఉంటుంది. అలా దిద్దడం నాకిష్టం లేకపోయింది.

నాలుగో రోజు పొద్దున పాపకు చిత్రంగా నిద్ర పట్టేసింది. అత్తమ్మ దాని పక్కన కూర్చుని, "పోయి జరసేపు కూసో" అంది. నేను పైకి పరుగెత్తాను. కుర్చీ దొరికింది. కూర్చున్నాను. అప్పటికే ఓడ రేవులోకి వచ్చేసింది. నా ముందు ఛాయ్ రంగు నీళ్లు, తుప్పు పట్టిన క్రేన్లు, వాటి వెనక ముంబై పొగ. ఇరవై నిమిషాలు వాటినే శ్రద్ధగా చూశాను. ఆ ఇరవై నిమిషాలు నన్నెవరూ అమ్మా అని పిలవలేదు. ఆ తర్వాత దిగాలని మైకులో పిలిచారు.

రేవులో రశీదు చూపిస్తే కుక్కరు, పప్పు, నెయ్యి అన్నీ చెక్కుచెదరకుండా తిరిగిచ్చారు. వాటిని మళ్లీ హైదరాబాద్‌కు మోసుకొచ్చాం. కంపెనీ సరుకు ఆపలేదు. కొన్నాళ్లకు వచ్చిన ఎల్బోలు కొంచెం మందంగా ఉన్నాయని మా ఆయన గోరుతో నొక్కి చూసి చెప్పాడు. అది అత్తమ్మ మాట వల్లేనో, వేరే ఎవరైనా రాసి పంపారో మాకు తెలియదు. అత్తమ్మకు మాత్రం తెలుసు.

పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. ఓడ సంగతి దానికేమీ గుర్తు లేదు. ఫొటోలు చూపిస్తే, లిఫ్టు అద్దంలో నన్ను చూసి "నువ్వు ఎందుకు ఏడుస్తున్నవ్?" అని అడుగుతుంది. ఏడవలేదు, అలసిపోయానంతే అని చెబుతాను.

పోయిన నెల కంపెనీ మళ్లీ కాగితం పంపింది. ఓడ కావాలా, పెద్ద ఫ్రిజ్ కావాలా రాయమని. మా ఆయన పెన్ను తీసి ఫ్రిజ్ దగ్గర గుర్తు పెట్టబోయాడు.

"ఫ్రిజ్ ఉన్నది గద మనకు" అంది అత్తమ్మ.

"నాతోని కాదమ్మా. నేనైతే మళ్లా ఓడెక్క."

"నిన్నెవరు రమ్మన్నరు?"

ఆయన నా వైపు చూశాడు. నేను పాప జడ వేస్తున్నట్టు తల వంచుకున్నాను. మర్నాడు ఆఫీసులో సెలవు కాగితం రాసి పెట్టుకున్నాను, తేదీ చోటు మాత్రం ఖాళీగా వదిలి.