మామ్మ వీధిగుమ్మంలోంచి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మా మామ్మ చేత కాఫీ మాన్పించేశారు. మాన్పించింది మా తాతయ్య. కాఫీ ధర పెరిగిందట, ఇకమీదట ఇంటికొచ్చినవాళ్ళకే కాఫీ అట. వాళ్ళకి తోడుగా తాను మాత్రం తాగాలట, లేకపోతే మర్యాద కాదట! రోజూ తెల్లారకుండా లేచి గింజలు వేయించి, మరలో తిప్పి, డికాషన్ దించే మనిషికి మాత్రం గుక్కెడు లేదు. తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది.

మామ్మ అలాగేనని మానేసింది. రెండు రోజులు తలనొప్పితో నుదుటికి గుడ్డ కట్టుకుని తిరిగింది. నేనే తాతయ్య మీద అరిచి చెవి మెలిపెట్టించుకున్నాను.

మూడోనాడు పొద్దున్నే ఆవిడ ఉతికిన చీర కట్టుకుని దొడ్డిగుమ్మంలోంచి బయటికి వెళ్ళింది. కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగి వీధివైపు వచ్చి, కాళ్ళు కడుక్కుని, తాతయ్య పేపరు చదువుతున్న అరుగెక్కింది.

"బావున్నారాండీ? ఇటుగా వెళ్తూ ఓసారి పలకరించి పోదామని," అంది కొంగు భుజం చుట్టూ కప్పుకుని.

"ఏంటే ఈ వేషం?" అన్నారు తాతయ్య.

పక్కింటి మాస్టారు గోడమీంచి అందుకున్నారు. "ఏంటండీ బాబూ, ఇంటికొచ్చినావిడ్ని కూర్చోమనైనా అనరేంటండీ?"

మా వైపు అంతకంటే పెద్ద తిట్టు లేదు. అరుగెక్కింది శత్రువైనా సరే, గొంతు తడపకుండా పంపడం మా తాతయ్యకి చేతకాదు. "కూర్చోండి," అన్నారు చచ్చినట్టు. అలవాటుకొద్దీ లోపలికి తిరిగి "ఏమేవ్, కాఫీ!" అని కేకేశారు.

పలికేవాళ్ళు లేరు. పలకాల్సిన మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

అప్పుడు లేచారండీ మా తాతయ్య! నాకు ఊహ తెలిశాక ఆయన వంటింటి గడప దాటగా చూసింది అదే. లోపల గిన్నెలు దొర్లాయి, పాలు పొంగిన వాసనొచ్చింది. చివరికి పంచె కొసతో వేడి గ్లాసు పట్టుకుని, తొణక్కుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు. మామ్మ రెండు చేతులా అందుకుంది. ధవళేశ్వరంలో గేట్లెత్తినప్పుడు నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోతామే, అలా నిలబడిపోయాను. మర్నాటి నుంచి ఆ నిషేధం మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

బళ్ళో నేను నేర్చుకుంది తక్కువ. దొరికిన పుస్తకమల్లా చదివాను. అరవకుండా, ఎవర్నీ తక్కువ చెయ్యకుండా న్యాయం రాబట్టుకున్న మనిషి మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. ఇప్పటికీ కోపంతో నోరు తెరవబోయే ముందు ఆ విసనకర్రే కళ్ళముందు ఆడుతుంది.

అయినా ఒక కచ్చ మిగిలిపోయింది. మీసాలొచ్చాక ఓరోజు అడిగేశాను, నీ ఇంటికి నువ్వే పరాయిదానిలా రావడానికి సిగ్గెయ్యలేదా మామ్మా, అని.

ఆవిడ నవ్వింది. "సిగ్గెందుకురా? కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ అందరికీ నేనే అందించాను. నా చేతికి ఒకళ్ళు గ్లాసందించింది ఆ పొద్దునేరా. పంచదార వెయ్యడం మర్చిపోయారు పాపం. ఆ సంగతి ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు."