గిటారాయన వేళ్ళు చూసిన సాయంత్రం

మా మనవరాలు రెండు నెలలుగా గిటారు నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం పొద్దున ఆ పిల్ల వేళ్ళు ఊదుకుంటూ వంటింట్లోకి వచ్చి, తీగలు కోసుకుపోతున్నాయి అవ్వా, ఇక నా వల్ల కాదు, మానేస్తాను అంటూ నా ముందు చేయి చాపింది. ఎడమచేతి నాలుగు వేళ్ళ కొసలూ కందిపోయి ఎర్రగా ఉన్నాయి. వాటికి కొబ్బరినూనె రాస్తుంటే నాకు ఇంకెవరి వేళ్ళో గుర్తుకొచ్చి నవ్వొచ్చింది. నేనేడుస్తుంటే నవ్వుతావా అని అది మూతి ముడిచింది. దానికి చెప్పిన సంగతే మీకూ చెబుతాను. మన ఈడు వాళ్ళకైతే టేపురికార్డరంటే ఏమిటో విడమరచి చెప్పే పని కూడా లేదు.

అప్పట్లో మా కాపురం ఎమ్మిగనూరులో. ఇంట్లోకి అడుగు పెట్టగానే మగ్గం గుంత, దాని పక్కన అత్త రాట్నం, ఆ పక్కన గోడకు ఆనుకొని నేను. మా ఆయన గుంతలో కాళ్ళు పెట్టుకొని నేసేవాడు, అత్త పడుగులో ఇటూ అటూ పరుగెత్తే నాడెలోకి నూలు కండెలు చుట్టేది, నేను పడుగులు అతికేదాన్ని. పడుగు అతకడమంటే, అయిపోవచ్చిన పాత పోగు కొసకు కొత్త పోగు కొసను చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకొని మెలివేయడం. ఒక్కో పడుగుకు వేల పోగులు. మూడో తరగతితో బడి మానేసిన నాకు దేవుడిచ్చిన చదువు అదే, అందులో మాత్రం నేను ఎన్నడూ తప్పలేదు.

ఆ పనిలో తోడుగా ఉంటుందని మా ఆయన సంతలో ఒక పాత టేపురికార్డరు కొనుక్కొచ్చాడు. దాంతో పాటు వచ్చిన క్యాసెట్టులో మాట లేదు, పాడే గొంతు లేదు, మొదటి నుంచి చివరి దాకా గిటారే. వాయించినాయనది బళ్ళారి వైపని అమ్మినవాడు చెప్పాడట. కింద గుండె కొట్టుకున్నట్టు ఒక మోత, దాని మీద పిట్ట ఎగిరినట్టు ఒక రాగం. మగ్గం చప్పుడుకూ దానికీ ఎట్లా కుదిరిందో గాని, ఆ టేపు లేకుంటే మా ఇంట్లో పని సాగని కాడికి వచ్చింది. నాకైతే ఆయన ముఖం తెలియకపోయినా మా పుట్టింటి మనిషిలాగే అనిపించేవాడు.

ఆ టేపు మీదనే మొగుడూ పెళ్ళాలకు తగువు. వాయించేది ఇద్దరని ఆయన, ఒక్కడేనని నేను.

"ఒగనితో అయ్యే పని కాదే అది. ఒగడు లావు తీగలు, ఇంగొగడు సన్న తీగలు. ఇద్దరుండారు" అనేవాడు ఆయన.

"నువ్వు కాళ్ళతో తొక్కుతావు, ఒక చేత్తో నాడె లాగుతావు, ఇంగో చేత్తో పోగు బిగిసేట్టు పన్నె కొడతావు. బయట నిలబడి ఇనేటోనికి ఈడ ముగ్గురు నేస్తాండారనిపిస్తాది. అట్లే ఆయప్ప కూడా" అనేదాన్ని నేను.

అట్లా అట్లా అది పందెమైంది. ఓడినవాళ్ళు నెల రోజులు అత్త బదులు కండెలు చుట్టాలి. మగవాడు రాట్నం ముందు కూర్చోవడమంటే మా వీధిలో ఎంత నగుబాటో మీకు వేరే చెప్పాలా! అత్త మాత్రం, "ఎవురు ఓడినా సుఖం నాకే, కానీండి" అని కాళ్ళు చాపుకుంది.

ఆ ఏడే ఆదోనిలో పత్తి వ్యాపారులందరూ కలిసి హైస్కూలు మైదానంలో పెద్ద ఆర్కెస్ట్రా పెట్టించారు. ఆ బళ్ళారి గిటారాయన వస్తున్నాడని బండిలో మైకు పెట్టి ఎమ్మిగనూరు దాకా చాటారు. మా ఆయనకు మగ్గం మీద చీర, రెండు రోజుల్లో దించాలి, కదల్లేడు. నన్ను ఒక్కదాన్నే పంపితే గెలిచానని అబద్ధమాడతానని ఆయన అనుమానం. అందుకని తన తరఫున సాక్షిగా వాళ్ళమ్మను నా వెంట పంపాడు. అత్త కొడుకు పక్షమేనని నాకూ తెలుసు, అయినా పోతే చాలనుకున్నాను. జొన్నరొట్టెలూ వేరుసెనగ బుడ్డల పొడీ మా మగ్గం మీదే నేసిన కొత్త తువాలులో మూటగట్టుకొని మధ్యాహ్నమే బస్సెక్కాం.

తొందరగా పోయింది చోటు కోసమే. మేము చూసిన పద్యనాటకాలన్నిటిలోనూ హార్మోనియం ఆయన స్టేజీకి కుడి పక్కన కూర్చునేవాడు. వాయించేవాడంటే అక్కడే ఉంటాడు గదా అని, ఎండలోనే ఆ మూలకు ముందు వరుసలో దుప్పటి పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, రాజ్యం గెలిచినట్టు కూర్చున్నాం. పొద్దు వాలే వేళకు మైదానమంతా తలలే తలలు. అప్పుడొచ్చారు ఆర్కెస్ట్రా వాళ్ళు. వచ్చి, సరిగ్గా మా ముందర నల్లటి స్పీకరు డబ్బాలు ఒకదాని మీద ఒకటి మనిషెత్తు పేర్చారు. గిటారాయన కుర్చీ ఎడమ కొసన ఎక్కడో వేశారు. మాకు డబ్బాలు తప్ప ఏమీ కనబడదు, లేచి పోదామంటే వెనక కాలు పెట్టే సందు లేదు.

"ఏమే, నీ గిటారాయప్ప ఈ బీరువాలో ఉండాడా?" అంది అత్త.

నాకు ఏడుపొక్కటే తక్కువ. పందెం పోతే పోయింది, ఇంతదూరం వచ్చి ఆ చేతులు చూడకుండా పోవాలా అని. నాలుగు పాటలయ్యాక మిగతా వాద్యాలన్నీ ఆగి, ఆయనొక్కడే మా టేపులోని రాగం ఎత్తుకున్నాడు. అంత మైదానమూ చప్పున సద్దుమణిగింది. డబ్బాలలో నుంచి ఆ మోత వచ్చి నా ఎముకలకు తగులుతోంది. అదే మోత, అదే పిట్ట.

"ఇద్దరే. నా కొడుకు సెప్పినట్టే" అంది అత్త.

"నువ్వు సూసినావా అత్తా?"

"సూడల్యా." అంటూనే రొట్టెల మూట విప్పి, తువాలును రెండుసార్లు విదిలించి లేచింది. "సూడకుండా సాచ్చెం ఎట్ల సెప్తాననే? పద" అని నా రెక్క పట్టుకొని డబ్బాల సందులోంచి స్టేజీ మెట్ల దగ్గరకు లాక్కుపోయింది. అక్కడ బ్యాడ్జీ పెట్టుకున్నాయన అడ్డం నిలబడ్డాడు.

"యాడికవ్వా?"

"సదివింపు."

నాటకంలో పద్యం నచ్చితే స్టేజీ ఎక్కి గుడ్డో రూపాయో చదివించడం మా వైపు మామూలే. ఆయన నవ్వి, ఇది నాటకం కాదవ్వా అన్నాడు. "బాగా వాయిస్తే సదివించేదానికి నాటకమే కావల్నా?" అని అత్త ఆయన చేతి కింద నుంచే దూరిపోయింది.

ఆ వెనకే నేనూ మెట్లెక్కాను. గిటారాయన రాగం ముగించి, మమ్మల్ని చూసి తల వంచాడు. అత్త బుడ్డల పొడి వాసన కొడుతున్న తువాలు ఆయన మెడలో వేసింది. జనం ఈలలు, చప్పట్లు. దిగిపోతామనుకుంటే, అత్త చుట్టూ కలియజూసి, "ఏమప్పా, నీ జతగాడు యాడ?" అంది. ఆ మాట మైకులో పడి మైదానమంతా వినిపించింది.

"జతగాడు యారమ్మా? నేనొక్కడే" అన్నాడాయన, కన్నడం కలిపి.

"అట్లయితే మా ముందర వాయించు. ఇంట్లో పందెం ఉండాది."

ఆయన పగలబడి నవ్వి, మళ్ళీ కూర్చొని మా ఇద్దరి కోసమని వాయించాడు. రెండడుగుల దూరంలో చూశాను. కుడిచేతి బొటనవేలు లావు తీగల మీద మగ్గం తొక్కినట్టు తొక్కుతోంది, మిగతా వేళ్ళు సన్న తీగల మీద నాడెలాగ ఇటూ అటూ తిరుగుతున్నాయి. ఒక్కడే. ఆగినాక అత్త ఊరుకోక ఆయన ఎడమచేయి పట్టుకొని తిప్పి చూసింది. వేళ్ళ కొసలకు గట్టిగా కాయలు, వాటి మీద తీగ కోసిన గీతలు.

"సూడే, మనోల్ల మాదిరే కాయలు కాసినాయి" అని, దారం కోసి కోసి గాడి పడ్డ తన వేలు పక్కన పెట్టి చూపించింది. ఆయన ఆ వేలును తడిమి, ఏ పనమ్మా అని అడిగి, రాట్నమని తెలుసుకొని, ఆ తువాలును కళ్ళకద్దుకున్నాడు.

ఇంటికి రాగానే అత్త గడప కూడా దాటకుండానే, "ఒగడే రా" అని తీర్పు చెప్పింది.

"కొడుకని గూడా సూడకపోతివి" అన్నాడాయన.

"సాచ్చెం సాచ్చెమే. కూసో, కండెలు సుట్టు."

చుట్టాడు. అన్నీ వదులు కండెలే, నాడెలో చిక్కుపడేవి. నాలుగో రోజుకు అత్త విసుక్కొని రాట్నం లాక్కుంది.

ఇదంతా విని మా మనవరాలు, ఇప్పుడైతే ఎక్కడ కూర్చున్నా పెద్ద తెర మీద వేళ్ళు కనబడతాయవ్వా అని బెంగుళూరు కచేరీ ఒకటి ఫోనులో చూపించింది. నిజమే, ఒక్కో వేలు తాటిమానంత. ఎవరూ చదివింపు సాకుతో మెట్లెక్కే పని లేదు. ఎవరి చేయీ పట్టి చూసే వీలూ లేదు. తరువాత అది లోపలికి పోయి మళ్ళీ తీగ మీటింది. వసారాలో ఉన్న మా ఆయన, ఇప్పుడు చెవులు మందం, "లోపల ఇద్దరు వాయిస్తాండారా?" అని నన్ను గిల్లడానికే అరిచాడు.

అత్త పోయి చాలా కాలమైంది. ఎమ్మిగనూరు ఇంట్లో మగ్గం గుంత పూడ్చి బండలు పరిచారు, మేము ఆదోనికి కొడుకు దగ్గరకు వచ్చేశాం. ఆ పొద్దున నూనె రాస్తూ మనవరాలి వేలు పట్టుకున్నప్పుడు ఎరుపు కింద చిన్న గట్టిదనం తగిలింది, మానవద్దు తల్లీ, కాయ కాస్తోంది అన్నాను. అది నా వేళ్ళు తడిమి, నీవి ఎంత మెత్తగా ఉన్నాయవ్వా అని ముచ్చటపడింది. వేల పోగులు మెలివేసిన వేళ్ళు, ఎప్పుడు మెత్తబడ్డాయో నాకే తెలియలేదు.