చేతులతో ఊడ్చిన వాలు

సెప్టెంబరు వచ్చిందంటే మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా అత్తగారు. నేను పొయ్యి వెలిగించేసరికే ఆవిడ పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయి ఉండేవారు. ఒకరోజు భుజాన పార వేసుకుని ముల్లంగి మడికి వెళ్తున్నట్టు, ఇంకోరోజు గొడుగు పట్టుకుని బస్సుకి వెళ్తున్నట్టు, మరోరోజు ఎవరినో పలకరించడానికన్నట్టు చేతిలో కిమ్చీ గిన్నెతో. ఏ వేషంలో బయల్దేరినా చివరికి చేరేది మా పైన్ కొండకే. ఎండెక్కాక గంపలో పైన గడ్డి, కింద ఖరీదైన పైన్ పుట్టగొడుగులతో తిరిగొచ్చేవారు. నేను వాకిట్లో నీళ్ళు పెట్టి ఉంచేదాన్ని. కాళ్ళు కడుక్కుని "అన్నం పెట్టవే" అనేవారు, అంతే. ఎక్కడ దొరికాయని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఈ ఏడు పెరటి తలుపు నేనే తీస్తున్నాను. వాకిట్లో నీళ్ళు పెట్టడం లేదు.

ఆవిడ పేరు మల్‌సున్. ఆ సంగతి కాపురానికొచ్చిన చాన్నాళ్ళకి గానీ నాకు తెలియలేదు. పుట్టింటి ఊరి పేరు పెట్టి ఊరంతా హన్‌బత్ ఆవిడ అనేవారు. కొట్టు నడిపే చున్‌జా అక్క మాత్రం, ఆవిడ లేనప్పుడు, బస్సెక్కని ప్రయాణికురాలు అనేది.

"మీ అత్త ఇవాళ మళ్ళీ గొడుగేసుకుని బస్సు స్టాపు దాకా వెళ్ళింది. బస్సు రోడ్డున పోయింది, ఈవిడ పొదల్లోంచి పోయింది. ఆ పొదల్లో ఏ ఊరుందో కనుక్కోవే, మేమూ వస్తాం."

"నాకేం తెలుసక్కా."

"నీకూ చెప్పలేదా? ఇంతకీ నువ్వు కోడలివా, పనిమనిషివా?"

నవ్వుతూ అన్న మాటే. కానీ నేను ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్నా అది వెంటే ఉండేది.

సొంత కొడుక్కే చెప్పనిది నాకేం చెబుతారని సరిపెట్టుకునేదాన్ని. మా ఆయన జొంగ్‌సిక్‌కి ఒకప్పుడు చెప్పారట. మా పెళ్ళికి ముందు సంగతి. ఆయనది దాచుకోలేని నోరు. ఒక సాయంత్రం బియ్యపు కల్లు దగ్గర స్నేహితుడికి గొప్పగా చెప్పుకున్నారు. రెండోనాడు వెళ్ళి చూస్తే ఆ చోటంతా ఇనుప కొంకితో తిరగేసి ఉంది. మట్టిలో తెల్లగా, సన్నగా దారాల్లాంటివి అల్లుకుని ఉంటాయి. అవి తెగితే ఇక అక్కడ పుట్టగొడుగు రాదు. అత్తగారు కేకలెయ్యలేదట. "నీకు అన్నం పెడతాను. కొండ సంగతి మాత్రం ఇంక చెప్పను" అన్నారట. వేరే చోటు ఎప్పుడు చూసుకున్నారో ఎవరికీ తెలియదు. పైకి రావద్దని కొడుకుతో ఆవిడ ఏనాడూ అనలేదు. ఆయనే కొండ మొదట్లో ఉన్న మా పెద్దల సమాధుల దగ్గర ఆగిపోవడం అలవాటు చేసుకున్నారు.

మా ఊళ్ళో కొండలన్నీ ఒకప్పుడు మా కొండలాగే ఉండేవి. పొయ్యిలోకి కావాలి కాబట్టి రాలిన పైన్ ఆకుని అందరూ ఊడ్చుకుపోయేవారు. గ్యాస్ వచ్చాక ఊడ్చేవాళ్ళు లేరు. ఆకు పరుపులా పేరుకుంది, ఓక్ మొక్కలు లేచి నీడ కమ్మేశాయి, పుట్టగొడుగులు పోయాయి. మా అత్తగారు గ్యాస్ మీద వండుకుంటూ కూడా ఊడవడం మానలేదు.

"పైన్‌కి బీద నేల కావాలే. నేల బలిస్తే పుట్టగొడుగు అలిగి పోతుంది" అనేవారు.

సెప్టెంబరులో ఒంటరిగా వెళ్ళే మనిషి, మంచు కరిగాక మాత్రం నన్ను వెంటబెట్టుకునే వెళ్ళేవారు. ఇద్దరం ఓక్ మొక్కలు నరికేవాళ్ళం, ఎండుకొమ్మలు కొట్టేవాళ్ళం, వెదురు పళ్ళ దంతెలతో ఆకు లాగి కుప్పలేసేవాళ్ళం. మధ్యాహ్నం రాతి మీద కూచుని సముద్రపు నాచులో చుట్టిన అన్నం ముద్దలు తినేవాళ్ళం. ఆవిడ రబ్బరు జోళ్ళు విప్పి, కాళ్ళు ఎండలో చాపి, ఎర్రటి బెరడుకి వీపు ఆనించి పైకి చూస్తూ ఉండిపోయేవారు.

"ఏం చూస్తున్నారత్తయ్యా?"

"ఏం లేదు. నాదే కదా అని చూస్తున్నా."

"పొలం కూడా మీదే కదా."

"పొలాన్ని చూస్తే పని గుర్తొస్తుంది. దీన్ని చూస్తే చేసిన పని మర్చిపోతాను."

తూర్పు వాలులో, తెల్లరాతి కింద మాత్రం ఆవిడ దంతె ముట్టుకోనిచ్చేవారు కాదు.

"పడెయ్ దాన్ని. ఇక్కడ చేతుల్తో తియ్యి."

"నడుము పోతోందత్తయ్యా."

"నా నడుమే ఉంది, నీదెక్కడికి పోతుంది? ఇక్కడ వేళ్ళు పైకున్నాయి. పై ఆకు తీసి అడుగుది ఉంచు. గోరు మట్టికి తగలకూడదు."

పక్కనే మోకాళ్ళ మీద కూచుని, నా చేతులు చూస్తూ తానూ తీసేవారు. ఏటా ఇదే మాట, ఇదే విసుగు. ఆవిడకి ఆ రాయంటే ఏదో పట్టింపు అనుకునేదాన్ని.

పోయిన చలికాలం చివర్లో నిద్రలోనే పోయారు. ముందురోజు సాయంత్రం ముల్లంగి పులుసులో ఉప్పు తక్కువైందని నన్ను విసుక్కున్నారు. అదే ఆఖరి మాట.

మంచు కరిగాక నేనొక్కదాన్నే వెళ్ళి కొండ ఊడ్చాను. ఇంట్లో ఉంటే ఆవిడ గది తలుపు కేసే చూస్తూ కూచునేదాన్ని. తూర్పు వాలు దగ్గరికొచ్చేసరికి, చెప్పేవాళ్ళెవరూ లేకపోయినా, దంతె పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూచున్నాను.

ఆగస్టు చివర్లో భోజనాల దగ్గర మా ఆయన, ఎప్పటిలా మా అమ్మాయి పేరుతో నన్ను పిలుస్తూ, అన్నారు, "యునా అమ్మా, చుసొక్ పండక్కి దొక్‌హో వస్తున్నాడు." దొక్‌హో ఆయన చిన్నాన్న కొడుకు. "కొండ తనకిచ్చేస్తే పైన్‌లు కొట్టేసి చెస్ట్‌నట్ తోట వేస్తాడట."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? అమ్మతోపాటు ఆ చోటూ పోయింది. పుట్టగొడుగు ఎక్కడ పుడుతుందో తెలియనివాడికి పైన్ కొండ ఎందుకు?"

"పండగలోపు దొరికితే?"

"దొరికితే ఉంచుకుందాం. కానీ అమ్మ దాచింది నీకేం దొరుకుతుంది, కాళ్ళు నొప్పి తప్ప" అని నా గిన్నెలో చేపముక్క వేశారు.

వెతకడం మొదలుపెట్టాను. దాచుకున్న చోటు కాబట్టి, ఆవిడ నన్నెప్పుడూ తీసుకెళ్ళని చోట్లకే వెళ్ళాను. శిఖరం దగ్గర రాళ్ళ సందులు చూశాను. వెనక లోయలో ముళ్ళల్లో దూరాను. వాగు పక్క ముసలి పైన్‌ల కింద వంగి వంగి చూశాను. దిగి వస్తుంటే చున్‌జా అక్క కొట్టులోంచి బయటికొచ్చేది.

"గంప చూపించు."

"ఖాళీయే అక్కా."

"మీ అత్త కూడా ఖాళీయే అనేది." గడ్డి ఎత్తి చూసింది. నిజంగానే ఖాళీ. లోపలికెళ్ళి రెండు ఆపిల్ పళ్ళు తెచ్చి గంపలో పెట్టి, "ఊరికే తిరిగొచ్చానని నీకనిపించకూడదు కదా" అంది.

పండగ ఇంకా రెండ్రోజులుందనగా, మళ్ళీ ఏమీ దొరక్క, తెల్లరాతి కింద కూలబడ్డాను. దొక్‌హో గొడ్డళ్ళు తెచ్చుకుంటే ముందు ఏ చెట్టు పడుతుందోనని చూస్తూ కూచున్నాను. లేవబోతూ చెయ్యి నేలకి ఆనించాను. ఆ నేల నా చేతికి తెలుసు. ఎక్కడ చదునో, ఎక్కడ వేరు పైకొచ్చిందో ఏటా తడిమిన నేలే. అరచేతి కింద ఉండకూడని ఎత్తు ఒకటి తగిలింది. ఆకు పక్కకి తీశాను. ఇంకా విచ్చుకోని గోధుమరంగు తల. దాని పక్కన ఇంకొకటి. రాతి చుట్టూ వంపు తిరుగుతూ, ఆకు కింద అక్కడక్కడా చిన్న చిన్న ఉబ్బులు. వాసన నా మొహానికి కొట్టింది, అత్తగారి గంప వాసన.

ఆవిడ నన్ను తీసుకెళ్ళని చోటల్లా వెతికాను. తీసుకెళ్ళిన చోట వెతకలేదు. కోసుకునే కాలంలో రానివ్వలేదు గానీ, దాన్ని బతికించే పని ఆవిడ ఇన్నేళ్ళూ నా చేతులకే నేర్పారు. మోకాళ్ళ మీద అలాగే కూచుండిపోయాను. ఆవిడ పోయిన రోజు నుంచి ఇంటినిండా మనుషుల మధ్య రాని ఏడుపు అక్కడొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

తరవాత చెక్కపుల్లతో అడుగునుంచి మెల్లగా లేపి, పండగనాటి పెద్దల పూజకి సరిపడా మాత్రం తీసుకున్నాను. విచ్చుకున్నవాటిని విత్తనానికని వదిలేశాను. లేపిన చోటల్లా మట్టి అరచేత్తో నొక్కాను, కింద దారాలకి గాలి తగలకూడదు. ఇక కొండ మా చేతిలోనే ఉంటుంది. గంప చూశాక మా ఆయన మాట తప్పే మనిషి కాదు.

మిగిలింది జాడ చెరిపే పని. తీసిన చోట ఆకు చల్లి, నలిగిన గడ్డి లేపి, కొమ్మతో అడుగులు ఊడ్చుకుంటూ దిగాలి. పుట్టగొడుగులు కోసేవాళ్ళెవరూ ఆ పని మర్చిపోరు. నేనూ ఒక కొమ్మ విరిచాను.

రేపు పొద్దున మా ఆయన సమాధుల మీద గడ్డి కోయడానికి వస్తారు. ఈసారి అక్కడ వాళ్ళమ్మ సమాధి కూడా ఉందని, రోజూ రేపు రేపని వాయిదా వేస్తూ వచ్చారు. సమాధి దగ్గర నిలబడి తలెత్తితే ఈ వాలు కనిపిస్తుంది. అత్తగారు నోటితో చెప్పలేదు, నేనూ చెప్పను. ఆయన వయసు అరవైకి దగ్గరపడింది. ఈమధ్య కల్లు దగ్గర కూడా ఎక్కువ మాట్లాడటం లేదు.

కొమ్మని చెట్టు మొదట్లో పెట్టేశాను. తడి ఆకులో నా అడుగులు రాతి నుంచి సమాధుల దాకా వరసగా పడుతుంటే, వాటిని ఊడవకుండానే కిందికి దిగాను.